నల్లగొండ చెల్కలో హాప్స్: ఒకే తీగ, రెండు కోతలు, రెండు వాసనలు

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో, బత్తాయి తోటను ఆనుకుని ఉన్న చిన్న ఎర్ర చెల్కలో ఒక రైతు దంపతులు బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ తీగలు పెంచుతున్నారు. ఆ తీగల పువ్వులకు ఎలాంటి వాసన వస్తోంది, బీరులో వేసినప్పుడు ఆ వాసన ఎంతవరకు నిలుస్తోంది, రుచిలో ఏ మార్పు తెస్తోంది అనే విషయాలను వరుసగా రెండు కోతల మీద పరిశీలించి ఈ నివేదిక రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న ఒక మైక్రోబ్రూవరీలో (చిన్న బీరు తయారీ కేంద్రంలో) బ్రూవర్‌గా పనిచేస్తున్నాను. బీరు కాచే పని మొత్తం ఆ బ్రూవరీలోనే, ఎక్సైజ్ నిబంధనలకు లోబడి జరిగింది. పొలం దగ్గర పువ్వులను నలిపి వాసన చూడడం, వాటితో కషాయం తీయడం వరకే చేశాం.

రైతు నన్ను అడిగింది ఒక్కటే: ఈ పువ్వులను కాస్కేడ్ (పేరున్న ఒక అమెరికా హాప్స్ రకం) అని చెప్పి బ్రూవరీలకు అమ్ముకోవచ్చా? మొక్క నిస్సందేహంగా కాస్కేడ్ రకమే. అయినా పరిశీలన ముగిశాక నేను చలికాలం కోతకు ఒక జవాబు, ఎండాకాలం కోతకు మరొక జవాబు ఇవ్వవలసి వచ్చింది. మన ప్రాంతంలో హాప్స్ వాసనను రకం పేరు కంటే కోసిన కాలమూ, కోసేనాటికి పువ్వు ముదిరిన తీరూ, ఆరబెట్టిన వేడీ ఎక్కువగా నిర్ణయిస్తున్నాయన్నది ఈ కేసులో నాకు తేలిన విషయం. స్థానిక హాప్స్ కొనదలచిన బ్రూవర్లకూ, వేయదలచిన రైతులకూ ఇది అక్కరకు వస్తుందన్న నమ్మకంతో వివరంగా రాస్తున్నాను.

తీగ ఎలా పెరిగింది

హాప్స్ చల్లటి దేశాల తీగ. అమెరికాలోని యాకిమా లోయ, జర్మనీలోని హల్లర్‌టావ్, చెక్ దేశంలోని జాటెక్ దీనికి పేరుపడ్డ ప్రాంతాలు. ఇవన్నీ 46 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైనే ఉన్నాయి. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ రైతులు దీన్ని పండించారు. అది కూడా 32 డిగ్రీలకు పైన, సముద్ర మట్టానికి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న చోటు. నల్లగొండ 17 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ ఎండ ఒక్కటే అడ్డంకి అనుకుంటే పొరపాటు, అసలు చిక్కు పగటి నిడివితో వస్తుంది. జూన్‌లో యాకిమాలో పగలు దాదాపు 16 గంటలు సాగితే నల్లగొండలో అదే నెలలో 13 గంటల చిల్లర దగ్గరే ఆగుతుంది. పగటి నిడివి ఒక హద్దు కంటే తగ్గినప్పుడు హాప్స్ పూతకు వస్తుంది. ఆ హద్దు రకాన్ని బట్టి మారినా, సాధారణంగా మన పగటి నిడివి కంటే పైనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ నాటిన తీగ పందిరి ఎక్కకముందే, కొన్ని కణుపులు వేయగానే పూతకు వచ్చి, పిడికెడు పువ్వులిచ్చి ఎదుగుదల ఆపేస్తుంది.

దీనికి విరుగుడు దీపాలు. డ్రాగన్ ఫ్రూట్ వేసిన కొందరు రైతులు చలికాలంలో కాపు కోసం రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. ఇక్కడ అదే పనిని పూత రాకుండా ఆపడానికి చేశారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎల్ఈడీ దీపాలతో పగటి నిడివి పెంచి ఏడాదికి రెండు పంటలు తీసిన సంగతి తెలిసిన తర్వాతనే ఈ దంపతులు ముందుకు వెళ్లారు. హాప్స్ వేరుకు శీతాకాలపు గడ్డకట్టే చలి తప్పనిసరి అన్న పాత నమ్మకాన్ని కూడా కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన విలియం బావర్లే 2019లో ప్రచురించిన పరిశోధన తోసిపుచ్చింది. చలి నిద్ర లేకుండానే తీగ మామూలుగా పూస్తుందని అందులో ఆయన చూపారు. ఆ ఫలితం లేకపోతే తెలంగాణలో ఈ పంట గురించి మాట్లాడుకోవడానికే ఆధారం ఉండేది కాదు.

బీర, కాకర పందిళ్లకు వాడే రాతి కడీల పద్ధతినే ఇక్కడ ఎత్తు పెంచి వాడారు. కడీల పైన ఇనుప తీగ లాగి, దాని నుంచి కొబ్బరి తాళ్లు దించి, ఒక్కో తాడుకు రెండు మూడు పిలకలు మాత్రమే ఎక్కించారు. వానాకాలంలో తీగ పెరుగుతున్నంత కాలం రాత్రి మధ్యలో దీపాలు వెలిగించి, పైతీగను అందుకున్నాక ఆపేశారు. పగలు సహజంగానే కురచగా ఉండే కాలం కనుక తీగంతా ఒక్కసారిగా పూతకు వచ్చి, డిసెంబరు, జనవరి నెలల చల్లటి రాత్రుల్లో పువ్వు ముదిరింది. ఆ తీగలను కోసిన తర్వాత అదే వేరు నుంచి లేచిన పిలకలకు మళ్లీ దీపాలు పెట్టి రెండో పంట తీశారు. అది ఏప్రిల్ చివర, మే మొదట్లో కోతకు వచ్చింది. ఆ రోజుల్లో నల్లగొండ ఎండ 40 డిగ్రీలు దాటుతుందని ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. నేల అదే, వేరు అదే, ఎరువు అదే, కాలం మాత్రమే వేరు. పరిశీలనకు ఇంతకంటే అనువైన ఏర్పాటు నేను కోరుకున్నా దొరికేది కాదు.

వాసన ఎక్కడ ఉంటుంది

ఆడ తీగకు కాసే పువ్వు చూడడానికి లేత ఆకుపచ్చ రేకులు పొలుసులుగా కప్పుకున్న చిన్న బుట్టలా ఉంటుంది. రేకుల అడుగున అంటుకుని ఉండే జిగురు పసుపు పొడిని లుపులిన్ అంటారు. బ్రూవర్‌కు కావలసినదంతా ఆ పొడిలోనే ఉంది. అందులోని ఆల్ఫా ఆమ్లాలు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (మాల్ట్) నుంచి తీసిన తియ్యటి ద్రావణమైన వోర్టుతో పాటు మరిగినప్పుడు రూపు మారి చేదునిస్తాయి. వాసన మాత్రం నూనెలది. ఎండిన పువ్వు బరువులో ఆ నూనె సాధారణంగా అర శాతం నుంచి మూడు శాతం వరకు ఉంటుంది. ఈ కొద్దిపాటి నూనెలో మిర్సీన్, హ్యుములీన్, కారియోఫిలీన్ అనేవి పెద్ద వాటాదారులు. లినలూల్, జెరానియోల్ వంటివి చాలా తక్కువ మోతాదులో ఉన్నా బీరులో మన ముక్కుకు ముందుగా తగిలేవి అవే.

ఈ పేర్లు కొత్తవైనా వాసనలు మన ఇళ్లలో ఉన్నవే. లినలూల్ ధనియాల నూనెలో సగానికి మించి ఉంటుంది. కారియోఫిలీన్ మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉంది. కొల్లాపూర్ మామిడిని తొడిమ దగ్గర తుంచినప్పుడు చిమ్మే సొనలో ముక్కుకు కొట్టే ఘాటు మిర్సీన్‌కూ, దాని చుట్టాలైన టెర్పీన్లకూ చెందినది. వీటికి తోడు గంధకం కలిసిన థయోల్స్ అనే పదార్థాలు అణువంత మోతాదులో ఉండి జామపండు, పంపరపనస వంటి పండ్ల వాసనను తెస్తాయి. కాస్కేడ్ రకాన్ని అమెరికా వ్యవసాయ శాఖ ఆరెగాన్‌లోని తన ప్రజనన కార్యక్రమం నుంచి 1972లో విడుదల చేసింది. దాని నూనెలో దాదాపు సగం మిర్సీనే. పంపరపనస తొక్క, పువ్వుల పరిమళం కలిసిన వాసన దాని గుర్తు.

వాసన పరీక్షకు నేను బ్రూవరీ సహోద్యోగులనే కాక రైతు దంపతులనూ, ఒక బత్తాయి వ్యాపారినీ, ఊళ్లో పెళ్లిళ్లకు వంట చేసే ఇద్దరు అక్కలనూ కూర్చోబెట్టాను. నలభై ఏళ్లుగా ధనియాలు వేయించి దంచిన మనిషి ముక్కు ఏ బ్రూవర్ ముక్కుకూ తీసిపోదని నా దృఢమైన అభిప్రాయం. ఈ పరీక్షలో అది మరింత బలపడింది. బీరు ముట్టని వారు పువ్వునూ చల్లటి కషాయాన్నీ వాసన చూడడం వరకే పాల్గొన్నారు. ఏ గిన్నెలో ఏ కోత ఉందో ఎవరికీ చెప్పలేదు, ఒకరు చెప్పింది మరొకరు వినకుండా విడివిడిగా రాసుకున్నాను.

చలికాలం కోత, ఎండాకాలం కోత

ఎండిన పువ్వును రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపి, చేతులు వేడెక్కి లుపులిన్ చిట్లగానే ముక్కు దగ్గర పెట్టుకోవడం బ్రూవర్లు అన్ని దేశాల్లో చేసే మొదటి పరీక్ష. చలికాలం పువ్వును నలిపినప్పుడు చేతికి పసుపు జిగురు అంటి, సబ్బుతో కడిగినా వెంటనే వదలలేదు. వాసనకు వస్తే ఎక్కువ మంది నోట మొదట వచ్చిన మాట బత్తాయి తొక్క. "బత్తాయి తొక్క గిచ్చినట్టే ఉన్నది సార్, కానీ ఎనుక ధనియాల వాసన ఉన్నది" అని వంట చేసే ఒక అక్క అన్న మాటను నేను యథాతథంగా రాసుకున్నాను, ఎందుకంటే లినలూల్ గురించి ఏమీ తెలియకుండానే ఆమె దాన్ని పట్టుకున్నారు. బత్తాయి వ్యాపారి బత్తాయి అనలేదు, నకిరేకల్ మార్కెట్లో నిమ్మకాయల కుప్ప దగ్గర వచ్చే పచ్చి వాసన అన్నారు. చివరగా కొద్దిగా మామిడి సొన, మరికాస్త ఆగితే మల్లెను తలపించే పువ్వుల తీపి. నా ముక్కుకు ఇది దిగుమతి కాస్కేడ్ కంటే మెత్తగా, పంపరపనస ఘాటు తగ్గి, పువ్వుల వైపు మొగ్గినట్టు తోచింది.

ఎండాకాలం పువ్వు చూడడానికే వేరుగా ఉంది. పరిమాణంలో చిన్నది, రేకుల అంచులు గోధుమరంగు, లుపులిన్ పలుచన, నలిపితే చేతికి జిగురు సరిగా అంటలేదు. వాసనలో ముందుకు వచ్చింది ఎండుగడ్డి. దాని వెనుక టీ ఆకు, తడిసిన చెక్క, కొద్దిగా మిరియం. పండు వాసన ఒకరిద్దరు మాత్రమే రాశారు, అది కూడా గుర్తుపట్టీ పట్టనట్టు. అదే వేరు నుంచి వచ్చిన పువ్వు ఇదని చెప్పినప్పుడు బత్తాయి వ్యాపారి చాలాసేపు నమ్మలేదు.

దీనికి కారణం రహస్యమేమీ కాదు. పువ్వు ముదిరే రోజుల్లో వేడి హద్దు మీరితే లుపులిన్ గ్రంథులు పూర్తిగా నిండవు, నూనె తయారీ కుంటుపడుతుంది. తయారైన నూనెలోనూ తేలికైన మిర్సీన్, లినలూల్ వేడికి ఎగిరిపోయి, బరువైన మసాలా వాసన పదార్థాలు మిగులుతాయి. ఎండాకాలం పువ్వులో మిరియం కనిపించి నిమ్మ కనిపించకపోవడం దీనికి సరిగ్గా సరిపోతుంది. చెక్ దేశంలో జాట్స్ అనే హాప్స్ రకం వేడి ఎక్కువైన వేసవుల్లో ఆల్ఫా ఆమ్లాలు కోల్పోవడాన్ని అక్కడి శాస్త్రవేత్తలు చాలా కాలంగా గమనిస్తున్నారు. వాళ్ల వేడి వేసవి సగటున మన ఫిబ్రవరి ఎండతో కూడా సరితూగదన్నది గుర్తుంచుకోవాలి. షేడ్ నెట్ వేస్తే ఆకు మాడడం తగ్గుతుంది గానీ రాత్రి వేడి తగ్గదు, మే నెల రాత్రులు చల్లబడని చోట నెట్ ఈ సమస్యను తీర్చదు.

చలికాలం కోతలోనే ఇంకొక తేడా బయటపడింది. పందిరి ఒకవైపు తీగలను పువ్వు కాగితంలా గలగలమనే దశలో కోశారు, మరోవైపు కూలీలు దొరకక కొన్నాళ్లు ఆలస్యంగా కోశారు. కాస్కేడ్‌ను కొంత ఆలస్యంగా కోస్తే డ్రై హాపింగ్ చేసిన (మరిగించకుండా, పులిసే బీరులో నేరుగా పువ్వు వేసిన) బీరులో సిట్రస్ (నిమ్మజాతి) వాసన పెరుగుతుందని ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చూపారు. మా ఆలస్యపు కోతలో నిమ్మ, జామ వాసనలు నిజంగానే పెరిగాయి. అయితే పందిరి అంచున, దక్షిణం ఎండ తగిలే చోట కోసిన పువ్వుల్లో వాటితో పాటు ఉల్లి, వెల్లుల్లి వాసన కూడా మొదలైంది. గంధకం కలిసిన పదార్థాలు మోతాదు మించినప్పుడు వచ్చే దోషం ఇది. నేను చూసినంతలో మన దగ్గర మంచి ముదురుకూ అతి ముదురుకూ మధ్య గడువు చల్లటి దేశాల్లో కంటే కురచ. అందుకే కోతను పందిరి మొత్తానికి ఒకేసారి పెట్టకుండా, నీడ వైపు, ఎండ వైపు విడదీసి, పువ్వును నలిపి చూస్తూ కోయాలని రైతు దంపతులకు చెప్పాను. పువ్వును నొక్కితే తిరిగి పైకి లేవాలి, రేకు గలగలమనాలి, లోపలి పొడి నిమ్మపసుపు దాటి ముదురు పసుపుకు రావాలి, నారింజ రంగుకు పోకూడదు.

ఆరబెట్టడం

కోసిన పువ్వులో నాలుగింట మూడు వంతుల పైన నీరే ఉంటుంది. దాన్ని 8 నుంచి 10 శాతానికి దించితేనే నిలవ ఉంటుంది. మిరపకాయను కల్లంలో ఆరబెట్టినట్టు ఎండలో పరిచే ఆలోచన మొదట సహజంగానే వచ్చింది. ఒక చిన్న మొత్తాన్ని అలా పరిచి చూశాం. సాయంత్రానికి రంగు పాలిపోయి, వాసనలో పైన ఉండే నిమ్మ, పువ్వుల భాగం పోయి, ఎండుగడ్డి మిగిలింది. అంటే చలికాలం పువ్వు కాస్తా ఎండాకాలం పువ్వు రూపానికి దిగిపోయింది. వెలుతురూ గాలీ కలిసి లుపులిన్‌ను పాడుచేస్తాయి.

చివరికి పూలు, ఆకుకూరలు ఆరబెట్టే ట్రే డ్రయ్యర్‌ను 50 నుంచి 55 డిగ్రీల మధ్య నడిపారు. పెద్ద తోటల్లో దీనికంటే కొంత ఎక్కువ వేడి వాడతారు, ఎందుకంటే వాళ్లకు వేగం ముఖ్యం. తక్కువ పంట ఉన్నవారు నెమ్మదిగా ఆరబెట్టి వాసన దక్కించుకోవడమే లాభం. రేకులు త్వరగా ఎండి, నడుమ ఉండే ఈనె పచ్చిగానే ఉండిపోతుంది కనుక, డ్రయ్యర్ ఆపాక పువ్వును రాత్రంతా నీడన కుప్ప పోసి తేమ సమం కానివ్వాలి. మరునాడు ఈనెను వంచితే పుటుక్కున విరగాలి, వంగితే మళ్లీ డ్రయ్యర్‌కు పంపాలి. ఈ ఒక్క పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు, కానీ దాన్ని వదిలేసిన సంచి లోపల వేడెక్కి బూజు పడుతుంది.

గాలి తీసిన సంచుల్లో మూసి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచినవి నెలల తర్వాతా వాసన నిలుపుకున్నాయి. పోల్చి చూడడానికి గది వేడిలో వదిలిన సంచిని ఎండాకాలం మధ్యలో తెరిస్తే ముక్కిన వెన్న, చెమట కలిసిన వాసన కొట్టింది. ఆల్ఫా ఆమ్లాలు విరిగినప్పుడు ఐసోవాలెరిక్ ఆమ్లం పుట్టి అలా అవుతుంది. అటువంటి పువ్వును బీరులో వేయడానికి వీల్లేదు.

బోరు నీళ్లు

మర్రిగూడ పేరు చెప్పగానే నీళ్ల గురించి అడగని వారు ఉండరు, అడగడం న్యాయం కూడా. ఈ ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే విధానానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ఈ నీళ్లు రెండు తరాల ఎముకలను ఏం చేశాయో చూస్తూ పెరిగినవాణ్ని కనుక, ఏ పరిస్థితిలోనూ బోరు నీటితో తాగే వస్తువేదీ తయారు చేయబోమన్నది నేను పెట్టిన మొదటి షరతు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది.

వాసన వరకే చూసినా ఈ నీళ్ల ప్రభావం పెద్దదే. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి అడుగున దించేస్తుంది. కాల్షియంతో ముడిపడిన క్షారగుణం మరిగిస్తే తెల్లటి పొరగా దిగిపోతుంది గానీ సోడియంతో ముడిపడినది దిగదు. రుచి చూడకుండా, వాసనకూ రంగుకూ మాత్రమే ఒకే కోత పువ్వుతో బోరు నీటిలో ఒకటి, ఆర్ఓ నీటిలో ఒకటి కషాయం తీశాం. ఆర్ఓ కషాయం లేత పసుపుగా, బత్తాయి వాసనతో వచ్చింది. బోరు నీటిది ముదురు రంగుకు తిరిగి, పండు వాసన అణగి, ఉడికిన ఆకు వాసన పైకి వచ్చింది. పీహెచ్ పెరిగినప్పుడు రేకుల్లోని వగరు పదార్థాలైన పాలీఫినాల్స్ ఎక్కువగా దిగడం ఇందుకు కారణం, బీరులో చేదు నాలుకకు అంటుకుని గరుకుగా మారడానికీ అదే కారణం. పొలంలో కషాయం తీసి తన పువ్వును తానే పరీక్షించుకోవాలనుకునే రైతు ముందుగా నీటిని మార్చుకోకపోతే, మంచి పువ్వును కూడా చెడ్డదని తీర్మానించే ప్రమాదం ఉంది. తీగకు పారించే నీటికీ ఈ క్షారం ఇబ్బందే. బైకార్బొనేట్ వల్ల ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కాయి, వాన నీరు నిలిపిన ఫారం పాండ్ నుంచి పారించడం మొదలుపెట్టాక కొత్త ఆకు పచ్చబడింది.

బీరులో

పువ్వు వాసన నేరుగా బీరు వాసన కాదు. మరిగేటప్పుడు మిర్సీన్ ఆవిరితో పాటు వెళ్లిపోతుంది, నీటిలో కరగగల లినలూల్, జెరానియోల్ కొంత నిలుస్తాయి. ఈస్ట్ కూడా చేయి వేస్తుంది; జెరానియోల్‌లో కొంత భాగాన్ని సిట్రొనెలోల్‌గా మార్చి గులాబీ వైపున్న వాసనను నిమ్మ వైపు తిప్పుతుంది. కాబట్టి పువ్వును ఎప్పుడు వేశామన్నది ఎంత వేశామన్నంత ముఖ్యం.

హాప్స్ వాసన దాగకుండా ఉండాలని మూలబీరును సాదాగా ఉంచాను. లేత పేల్ మాల్ట్‌కు తోడు మిర్యాలగూడ మిల్లుల నూకలను విడిగా ఉడికించి కలిపాను, ఎందుకంటే బియ్యం పిండిపదార్థం మామూలు మ్యాష్ (మాల్ట్‌ను వేడినీటిలో నానబెట్టే దశ) వేడిలో సరిగా ఉడకదు. ఆర్ఓ నీటికి జిప్సం, కాల్షియం క్లోరైడ్ చేర్చి మ్యాష్ పీహెచ్‌ను 5.3 దగ్గర నిలిపాను. చేదు కోసం మాత్రం ఆల్ఫా శాతం ముద్రించి ఉన్న దిగుమతి పెల్లెట్లనే (పొడిచేసి గుళికలుగా నొక్కిన హాప్స్) వాడాను. స్థానిక పువ్వును వాసనకే పరిమితం చేయడం ఈ దశలో సరైన పద్ధతి. చేదు లెక్క దాని మీద వేస్తే ఒక్కో కోతకు ఒక్కో చేదు వస్తుంది. మరగడం ముగిశాక వోర్టును 80 డిగ్రీలకు దించి వర్ల్‌పూల్‌లో (వోర్టును సుడి తిప్పే తొట్టిలో) కొంత పువ్వు వేశాను. ఆ వేడిలో చేదు పెద్దగా దిగదు, నూనె దిగుతుంది. పులియడం ముగిసే దశలో లీటరుకు 4 గ్రాముల చొప్పున మరికొంత డ్రై హాపింగ్ చేశాను. అదే వోర్టును విడదీసి ఒక భాగానికి చలికాలం పువ్వు, ఒక భాగానికి ఎండాకాలం పువ్వు, ఒక భాగానికి దిగుమతి కాస్కేడ్ వేశాను.

చలికాలం పువ్వు బీరు గ్లాసులో పోయగానే బత్తాయి తొక్క ముందుకు వచ్చింది, గుక్క దిగాక ధనియాల తీపి నాలుక వెనుక నిలిచింది. మామిడి సొన ఘాటు డ్రై హాపింగ్‌లో మాత్రమే కనిపించింది, వర్ల్‌పూల్ ఒక్కటే చేసిన నమూనాలో లేదు. దిగుమతి కాస్కేడ్ బీరులో పంపరపనస, దేవదారు జిగురు బలంగా ఉన్నాయి. మూడు గ్లాసుల్లో వేరైనది ఏదో చెప్పమనే పరీక్షలో బ్రూవరీలోని వారు ఈ రెంటినీ తేలిగ్గానే విడదీశారు. ఏది నచ్చిందని అడిగితే మాత్రం ఏకాభిప్రాయం రాలేదు, నాకది సంతోషమే కలిగించింది, ఎందుకంటే మన పువ్వు దిగుమతి దానికి నాసిరకం నకలుగా కాక తనదైన బీరుగా నిలిచిందని దాని అర్థం.

గోధుమ బీర్లలో ధనియాలు, నారింజ తొక్క వేసే బెల్జియం పద్ధతి హైదరాబాద్ బ్రూవరీల్లో బాగా నడుస్తోంది. అటువంటప్పుడు బత్తాయి తొక్క, ధనియాలు నేరుగా వేయకుండా హాప్స్ ఎందుకు అని రైతు భార్య అడిగారు. మంచి ప్రశ్న. అలాంటి బీరు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బత్తాయి తొక్క నూనెలో ఎక్కువ భాగం లిమొనీన్, అది బీరులో త్వరగా మాసిపోయి తొక్క వగరును మిగులుస్తుంది. హాప్స్‌లో నిమ్మజాతి వాసనను తెచ్చేవి ప్రధానంగా లినలూల్, జెరానియోల్, థయోల్స్, అవి చేదుతో కలిసి గుక్క చివర దాకా ఉంటాయి.

ఎండాకాలం పువ్వు బీరును ఎవరూ చెడ్డదనలేదు, ఎవరూ మరో గ్లాసూ అడగలేదు. మసాలా టీ వంటి పొడి రుచి, చివర కరక్కాయను గుర్తుచేసే వగరు. వాసన తక్కువగా ఉందని మోతాదు పెంచితే వగరే పెరిగింది. ఆరెగాన్ పరిశోధకులు 2018లో డ్రై హాపింగ్ మోతాదు లీటరుకు 8 గ్రాములు దాటితే పండు వాసన పెరగక ఆకు, టీ లక్షణాలు పెరుగుతాయని చెప్పారు. నూనె తక్కువున్న పువ్వుతో ఆ హద్దు ఇంకా ముందే వస్తుందని ఈ నమూనాలో చూశాను. పెల్లెట్ కాక పూర్తి పువ్వు వాడేవారు మరో విషయం గమనించాలి. పువ్వు బీరును పీల్చుకుంటుంది, వాసన దిగడానికి సమయమూ ఎక్కువ తీసుకుంటుంది. పైగా హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిని చక్కెరగా విరిచి పులియడాన్ని మళ్లీ మొదలుపెట్టగలవు కనుక, సాంద్రత నిలకడగా ఉందని తేలేదాకా కెగ్గులో (బీరు పీపాలో) నింపకూడదు.

రైతుకు ఇచ్చిన జవాబు

చలికాలం కోతను కాస్కేడ్ పేరుతోనే అమ్మవచ్చని, అయితే సంచి మీద కోసిన నెల, పందిరిలో ఏ వైపు, ఆరబెట్టిన వేడి తప్పక రాయాలని చెప్పాను. బ్రూవర్ల వైపు నుంచి కూడా పేరు చూసి కాక, సంచి తెరిచి నలిపి చూసి ధర కట్టాలన్నది నా పట్టుదల; మా బ్రూవరీ ఆ షరతు మీదే ఈ పువ్వును ఏడాదికి ఒక బీరులో, పేల్ ఏల్‌లో, వాడడానికి ఒప్పుకుంది. ఎండాకాలం కోతను ఆ పేరుతో అమ్మవద్దన్నాను. ఆ మాట వారికి రుచించలేదు, కరెంటు బిల్లూ కూలీ ఖర్చూ రెండు పంటల మీద లెక్క వేసుకున్నవారు కనుక వారి బాధ న్యాయమైనదే. చివరికి మార్చి నుంచి తీగను పూతకు పోనివ్వకుండా, తక్కువ నీటితో వేరును బతికించుకుని, వానలు పడ్డాక కొత్త పిలకలు ఎక్కించే ఏర్పాటుకు వచ్చారు.

పందిరి చివరి వరుసలో ఉన్న క్లస్టర్ రకం తీగల గురించి కొద్దిగా చెప్పాలి. కాస్కేడ్ కంటే నిలవ బాగా ఉంటుందని అమెరికాలో పేరున్న పాత రకం అది. దాని చలికాలం పువ్వుకు పరీక్షలో కూర్చున్నవారు నేరేడు, జామ అని రాశారు. వేడి రోజుల్లోనూ ఆ పువ్వులో లుపులిన్ కాస్కేడ్ అంత పలచబడలేదు. పువ్వు మొత్తం ఒక బీరుకు చాలదు కాబట్టి ఇప్పటికి కషాయం దగ్గరే ఆగాం. వచ్చే చలికాలానికి ఆ వరుసను పెంచి, నీడ వైపు ముందు, ఎండ వైపు తర్వాత కాకుండా, ఈసారి ఎండ వైపు ముందుగా కోయాలని, రెండు కోతలనూ విడి సంచుల్లో పంపాలని నిర్ణయించుకున్నాం.